కమొడోర్ 64లో స్విచ్ వేస్తే నల్లటి తెర: ముందు దేన్ని చూడాలి?

నీలితెర64
అందరికీ నమస్కారం. మా మామయ్య వాడిన కమొడోర్ 64 అనే పాత కంప్యూటర్ నా దగ్గరికి చేరింది. దానితో పాటు 1541 డిస్క్ డ్రైవు, ఒక పెట్టె నిండా 5.25 అంగుళాల ఫ్లాపీలు వచ్చాయి. కొన్ని ఫ్లాపీల మీద ఆయన చేతిరాతతో పేర్లు ఉన్నాయి. ఆయన సొంతంగా రాసుకున్న ప్రోగ్రాములు అందులో చాలా ఉన్నాయట. టీవీకి కలిపి స్విచ్ వేస్తే ఎర్ర దీపం వెలుగుతోంది కానీ తెర పూర్తిగా నలుపు. అంచు రంగు కూడా రావడం లేదు. పీఎల్‌ఏ చిప్ పోయి ఉంటుందని ఒకరన్నారు. కెపాసిటర్లన్నీ మార్చేస్తే సరిపోతుందని ఇంకొకరన్నారు. నాకు సోల్డరింగ్ వచ్చు, మల్టీమీటర్ ఉంది, ఆసిలోస్కోప్ లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

మీటర్‌ముల్లు
నీలితెర గారూ, అడాప్టర్‌ను కొలిచేదాకా ఆ యంత్రానికి మళ్లీ కరెంటు ఇవ్వకండి. మిగతావన్నీ ఆ తర్వాత.

ఈ యంత్రపు అసలు అడాప్టర్ రెండు రకాల సరఫరా ఇస్తుంది: 5 వోల్టుల డీసీ, 9 వోల్టుల ఏసీ. లోపలి భాగాలన్నింటినీ ఎపాక్సీ పోసి గట్టిగా మూసేశారు. దానితో వేడి బయటికి పోదు. ఏళ్లు గడిచాక 5 వోల్టులను నిలకడగా ఉంచే రెగ్యులేటర్ పాడవుతుంది. అది సున్నాకు పడిపోతే మన అదృష్టమే, యంత్రం వెలగదు, అంతే. కానీ చాలాసార్లు అది పైకి పోతుంది. బోర్డు మీద ఆ అదనపు వోల్టేజీని ఆపే రక్షణ ఏదీ లేదు. 5 వోల్టులు నేరుగా మెమరీ చిప్‌లకూ ప్రాసెసర్‌కూ చేరతాయి. ఎర్ర దీపం కూడా ఆ దారి మీదే ఉంది. అది వెలుగుతోందంటే సరఫరా ఉందని మాత్రమే తెలుస్తుంది, సరిగ్గా ఉందో లేదో తెలియదు.

ఏడు పిన్‌ల ప్లగ్గులో 5వ పిన్‌కూ 2వ పిన్‌కూ మధ్య డీసీ కొలవండి. 6, 7 పిన్‌ల మధ్య ఏసీ కొలవండి. డీసీ 4.75కూ 5.25కూ మధ్య ఉండాలి. ఖాళీగా కొలిచిన లెక్కను నమ్మవద్దు. 5 ఓములు, 10 వాట్ల రెసిస్టర్ ఒకటి కలిపితే ఒక ఆంపియర్ లాగుతుంది. అలా భారం పెట్టి అడాప్టర్ బాగా వేడెక్కేవరకు ఉంచి, అప్పుడు మళ్లీ చూడండి. ఆ రెసిస్టర్ 5 వాట్లు వేడిగా వదులుతుంది కాబట్టి చేత్తో పట్టుకోవద్దు.

టంకంతీగ
అడాప్టర్ విషయంలో పూర్తిగా ఏకీభవిస్తాను. కెపాసిటర్ల మాట కూడా కొట్టిపారేయకండి. 1982లో వచ్చిన యంత్రం ఇది. ఎలక్ట్రొలిటిక్ కెపాసిటర్ లోపలి ద్రవం ఎండిపోతుంది, ఈఎస్ఆర్, అంటే దాని లోపలి నిరోధం, పెరుగుతుంది. బోర్డు ఎలాగూ విప్పుతారు, ఒకే విడతలో అన్నీ మార్చేస్తే మళ్లీ ఆ వైపు చూడనక్కర్లేదు. నా చేతిలోకి వచ్చే ప్రతి యంత్రానికీ నేను చేసే మొదటి పని అదే.

మీటర్‌ముల్లు
టంకంతీగ గారూ, ఇక్కడ నేను మీతో విభేదిస్తాను. కమొడోర్ 64లో ఎలక్ట్రొలిటిక్‌లు కాళ్లు బోర్డులోంచి దూరే పాత రకం. ఇవి కారడం అరుదు. నల్లటి తెరకు ఇవి కారణం కావడం ఇంకా అరుదు. అన్నీ ఒకేసారి మారిస్తే ఒక ఇబ్బంది ఉంది. మార్చక ముందు లేని కొత్త లోపం వచ్చినా, ఏ చోట వచ్చిందో తెలియదు. ఆ కాలపు బోర్డుల్లో రాగి పొర సన్నం, ఐరన్ ఎక్కువసేపు పెడితే లేచిపోతుంది. కెపాసిటర్ ఎక్కడైనా దొరుకుతుంది. ఆ బోర్డు మళ్లీ తయారు కాదు. కొలవండి, తేడా కనిపించిన దాన్నే మార్చండి.

టంకంతీగ
కొలిచి మార్చాలనేది సరే, కానీ అన్ని యంత్రాలకూ ఆ సూత్రం నడవదు. 1992 నాటి అమీగా 1200 తీసుకోండి. అందులో ఉపరితలానికి అతికించే చిన్న ఎలక్ట్రొలిటిక్‌లు. అవి కారతాయి. కారిన ద్రవం చుట్టూ రాగి గీతలను తినేస్తుంది. 1989లో వచ్చిన మ్యాకింతోష్ ఎస్ఈ/30దీ అదే కథ. తెర మీద గీతలు గీతలుగా బొమ్మ వచ్చేసరికే నష్టం చాలా దూరం పోయి ఉంటుంది. అక్కడ లోపం కనిపించేదాకా ఆగితే బోర్డే మిగలదు. యంత్రం బాగా పనిచేస్తున్నా సరే, వాటిని తీసేయాలి, కింద తుడవాలి, కొత్తవి వేయాలి.

మీటర్‌ముల్లు
ఈ మాట నేను ఒప్పుకుంటాను. కారే రకాన్ని ముందే తీసేయాలి.

రెండుమెగాహెర్ట్జ్
మీ ఇద్దరి వాదనలో ఇంకో రకం మిగిలిపోయింది. నా దగ్గర బీబీసీ మైక్రో ఉంది. 1981 యంత్రం, 2 మెగాహెర్ట్జ్ 6502. దాని పవర్ సప్లైలో మెయిన్స్ వైపు ఫిల్టర్ కోసం కాగితపు కెపాసిటర్లు ఉంటాయి. పసుపు రంగు పారదర్శక పెట్టెలో కనిపిస్తాయి. వయసు మీద పడ్డాక ఆ పెట్టె మీద సన్నని పగుళ్లు వస్తాయి, గాలిలోని తేమ లోపలి కాగితంలోకి చేరుతుంది. ఏళ్ల తరబడి మూలన పడి ఉన్న యంత్రానికి కరెంటు ఇచ్చిన కాసేపటికే అది పేలి గది నిండా ఘాటైన పొగ నింపుతుంది. యంత్రానికి మామూలుగా ఏమీ కాదు, కానీ చూసేవాళ్లు హడలిపోతారు. ఆ కాలపు స్విచింగ్ పవర్ సప్లైలు చాలావాటిలో ఇదే భాగం ఉంది. పగులు కనిపించినా కనిపించకపోయినా, కరెంటు ఇవ్వకముందే మార్చేయండి. కొత్తది వేసేటప్పుడు ఎక్స్2 అని రాసి ఉన్నదే వేయాలి, మామూలు కెపాసిటర్ వేయకూడదు.

ఐబీఎం పీసీ ఉన్నవాళ్లకు ఒక మాట. 1981 నాటి 5150 బోర్డు మీద 12 వోల్టుల దారిలో ఉన్న ట్యాంటలమ్ కెపాసిటర్లు షార్టవుతాయి. అప్పుడు పవర్ సప్లై తనను తాను ఆపేసుకుంటుంది, యంత్రం చచ్చినట్టే కనిపిస్తుంది. కరెంటు తీసేసి, 12 వోల్టుల పిన్‌కూ గ్రౌండుకూ మధ్య నిరోధం కొలిస్తే రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

నీలితెర64
కొలిచాను. అడాప్టర్ ఖాళీగా ఉన్నప్పుడు 5.1. భారం పెట్టి వేడెక్కనిచ్చాక 5.7 దాకా ఎక్కింది, అక్కడా ఆగలేదు. ఏసీ బాగానే ఉంది.

మీటర్‌ముల్లు
ఆ అడాప్టర్‌ను పక్కన పెట్టేయండి, ఎవరికీ ఇవ్వకండి కూడా. కొత్తగా తయారయ్యే అడాప్టర్లు ఉన్నాయి. వోల్టేజీ పెరిగితే సరఫరాను కోసేసే రక్షణ ఉన్నదాన్నే ఎంచుకోండి. మీ మెమరీ చిప్‌లలో ఒకటో రెండో దెబ్బతిన్నాయని నా అనుమానం.

కొత్త అడాప్టర్‌తో వెలిగించాక మొదట బోర్డు మీద ఉన్న చిన్న గాజు ఫ్యూజు చూడండి. అది 9 వోల్టుల ఏసీ దారిలో ఉంటుంది. పాత బోర్డుల్లో ఆ ఏసీ నుంచే లోపల ఇంకో 5 వోల్టులు, 12 వోల్టులు పుడతాయి. వాటికి 7805, 7812 రెగ్యులేటర్లు ఉన్నాయి. బొమ్మను తయారుచేసే విక్ చిప్ ఆ రెండో 5 వోల్టుల మీద నడుస్తుంది. ఫ్యూజు పోతే ఎర్ర దీపం చక్కగా వెలుగుతుంది, బొమ్మ మాత్రం రాదు. ఇంత చిన్న కారణానికి మంచి చిప్‌లు పీకేసినవాళ్లను చూశాను.

ఫ్యూజు, రెగ్యులేటర్లు సరిగ్గా ఉంటే చిప్‌ల దగ్గరికి వెళ్లండి. కొన్ని నిమిషాలు నడిపి, మణికట్టుకు గ్రౌండు పట్టీ కట్టుకుని, ఒక్కో మెమరీ చిప్‌ను వేలితో తాకండి. ఎనిమిది 4164 చిప్‌లు వరసగా ఉంటాయి. ఒక్కో చిప్ ప్రతి బైటులో ఒక్కో బిట్టును మోస్తుంది. అందుకే ఒక్కటి పోయినా మెమరీ మొత్తం చెడినట్టే. మిగతా ఏడూ గోరువెచ్చగా ఉండి ఒకటి మాత్రం కాలిపోతుంటే, దొంగ దొరికినట్టే.

కొత్తచేతులు
చదువుతూ నేర్చుకుంటున్నాను. పీఎల్‌ఏ గురించి చెప్పండి, అందరూ మొదట దాని పేరే ఎందుకు ఎత్తుతారు?

మీటర్‌ముల్లు
ప్రాసెసర్ ఒక చిరునామా అడిగినప్పుడు అక్కడ జవాబు చెప్పవలసింది మెమరీయా, రోమ్‌లో ఉన్న బేసిక్ భాషా, విక్ చిప్పా అని తేల్చే చిప్ అది. ఒక నిమిషం, తొందరలో తప్పు రాకుండా విడమరిచి రాస్తాను. 6510 ప్రాసెసర్ 64 కిలోబైట్ల చిరునామాలే ఇవ్వగలదు. కానీ బోర్డు మీద 64 కిలోబైట్ల రామ్‌తో పాటు, బేసిక్, కెర్నల్ (యంత్రాన్ని నడిపే మూల ప్రోగ్రాము) ఉన్న రోమ్‌లు, బొమ్మ, శబ్దం, కీబోర్డు చూసే చిప్‌లు కూడా ఉన్నాయి. ఒకే చిరునామాకు ఇద్దరు ముగ్గురు హక్కుదారులు. ఆ సమయానికి ఎవరు పలకాలో పీఎల్‌ఏ నిర్ణయిస్తుంది. అది మామూలుగానే బాగా వేడెక్కే చిప్. పాడైతే యంత్రం మొత్తం మూగబోతుంది కాబట్టి మొదటి అనుమానం దాని మీదికి పోతుంది. అనుమానం తప్పు కాదు, కొలవకుండా మార్చడమే తప్పు. దానికి కొత్త ప్రత్యామ్నాయాలు దొరుకుతున్నాయి. ఈప్రామ్ (మనమే సమాచారం రాసుకోగల మెమరీ చిప్) వేసి నడిపేవాళ్లూ ఉన్నారు కానీ సిగ్నళ్ల సమయంలో తేడా వల్ల కొన్ని కార్ట్రిడ్జ్‌లు మొరాయిస్తాయి.

టంకంతీగ
డెడ్ టెస్ట్ కార్ట్రిడ్జ్ ఒకటి సంపాదించండి నీలితెర గారూ. యంత్రంలోని రోమ్‌ల సాయం లేకుండానే నడుస్తుంది. మెమరీ లోపం ఉంటే తెరను కొన్నిసార్లు మెరిపించి ఆపుతుంది. ఆ మెరుపుల లెక్కే ఏ చిప్ పోయిందో చెబుతుంది. అది దొరికేలోపు ఇంకో ఉపాయం: మంచి 4164ను అనుమానం ఉన్న చిప్ వీపు మీద, కాళ్లకు కాళ్లు తగిలేలా కూర్చోబెట్టి వెలిగించండి. తెరలో మార్పు వస్తే ఆ చిప్పే. మార్పు రాకపోతే మాత్రం అది మంచిదని తీర్మానించకండి. లోపల షార్టయిన చిప్ పైదాన్ని కూడా మాట్లాడనివ్వదు.

నీలితెర64
కొత్త అడాప్టర్ వచ్చింది. ఫ్యూజు బాగుంది, రెండు రెగ్యులేటర్లూ సరైన వోల్టేజీ ఇస్తున్నాయి. మెమరీ వరసలో ఒక చిప్ తాకలేనంత వేడి. డెడ్ టెస్ట్ కూడా దాన్నే చూపించింది! ఇప్పుడు దాన్ని బోర్డుకు దెబ్బ తగలకుండా ఎలా తీయాలి? సాకెట్ లేదు, నేరుగా సోల్డర్ చేసి ఉంది.

టంకంతీగ
ఇది నా ఇష్టమైన పని కాబట్టి వివరంగా చెబుతాను. ఆ చిప్ ఎలాగూ పోయింది, దాన్ని కాపాడాలనే ఆలోచన వదిలేయండి. కాపాడవలసింది బోర్డును. చిన్న కట్టర్‌తో చిప్ శరీరానికి దగ్గరగా పదహారు కాళ్లూ కత్తిరించండి. శరీరం ఊడిపోతుంది, కాళ్లు విడివిడిగా నిలబడతాయి. ఒక్కో కాలికీ కాస్త ఫ్లక్స్, కాస్త కొత్త సోల్డర్ తగిలించండి. పాత సోల్డర్ ఎండిపోయి కరగనని మొండికేస్తుంది, కొత్తది కలిస్తే ఇట్టే కరుగుతుంది. కరిగిన క్షణంలో పట్టకారుతో కాలిని పైకి తీసేయండి. రాకపోతే లాగవద్దు, మళ్లీ వేడి చేయండి. అన్నీ వచ్చాక రంధ్రాలను పంపుతోనో రాగి అల్లికతోనో ఖాళీ చేయండి. గ్రౌండు పిన్ దగ్గర ఎక్కువసేపు పడుతుంది, అక్కడి పెద్ద రాగి పొర వేడిని లాగేసుకుంటుంది.

తర్వాత చిప్‌ను నేరుగా వేయకండి, మంచి సాకెట్ వేయండి. కాలిని రెండు వైపులా గుండ్రంగా పట్టే రకమైతే ఇంకా మేలు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఫ్లక్స్ తుడిచి, పక్క పక్క పిన్‌ల మధ్య షార్టు లేదని మీటర్‌తో చూసి, అప్పుడు వెలిగించండి.

నీలితెర64
వచ్చింది. నీలం తెర, లేత నీలం అక్షరాలు, 38911 బేసిక్ బైట్స్ ఫ్రీ. మా మామయ్యకు ఫోటో పంపాను. మీ అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు.

రెండుమెగాహెర్ట్జ్
చాలా సంతోషం. ఆ 38911 చూసిన ప్రతిసారీ నాకు కొత్తగానే ఉంటుంది.

కొత్తచేతులు
అభినందనలు. నాదొక ప్రశ్న, ఎవరినీ నొప్పించాలని కాదు. వైస్ లాంటి ఎమ్యులేటర్ (పాత యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రాము) నా ల్యాప్‌టాప్‌లో ఇదే తెర చూపిస్తుంది. ఇంత శ్రమ ఎందుకు?

ఫిల్టర్‌శబ్దం
నేను కమొడోర్ 64లో శబ్దం పుట్టించే సిడ్ చిప్ మీద సంగీతం చేస్తాను కాబట్టి నా వైపు నుంచి చెబుతాను. 6581 సిడ్‌లో శబ్దాన్ని వడగట్టే ఫిల్టర్ అనలాగ్ భాగం. తయారీలో వచ్చే తేడాల వల్ల ఏ రెండు చిప్‌లూ ఒకేలా పలకవు. ఒక యంత్రంలో లోతుగా, గరగరగా వినిపించే బాణీ పక్క యంత్రంలో పలచగా వినిపిస్తుంది. తర్వాత వచ్చిన 8580లో ఆ తేడా తగ్గింది, స్వభావం కూడా మారింది. ఎమ్యులేటర్ ఏదో ఒక చిప్‌ను నమూనాగా తీసుకుని బాగా అనుకరిస్తుంది. నా చిప్‌ను కాదు. ఇంకో మాట: ఎమ్యులేటర్ ఇంత కచ్చితంగా నడుస్తోందంటే, అసలు యంత్రాల మీద పరీక్షలు చేసి పోల్చి చూసినవాళ్లు ఉన్నారు కాబట్టే. యంత్రాలు బతికి ఉన్నంతకాలమే ఆ పోలిక సాధ్యం.

కమొడోర్ 1994లో మూతపడింది. సిడ్ చిప్‌లు ఇక తయారు కావు. నీలితెర గారూ, మీ సిడ్ పలుకుతోందో లేదో చూసుకున్నారా? 12 వోల్టులు దానికి కూడా వెళతాయి, 8580కైతే 9 మాత్రమే. 12 వోల్టుల బోర్డులో 8580 పెడితే చిప్ చచ్చిపోవచ్చు.

నీలితెర64
పలుకుతోంది. 6581 అని రాసి ఉంది. ఒక సందేహం: పైపెట్టె బాగా పసుపెక్కింది. హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో తెల్లబరచవచ్చని చదివాను.

రెండుమెగాహెర్ట్జ్
పాత ఏబీఎస్ ప్లాస్టిక్‌లో మంట అంటుకోకుండా కలిపిన బ్రోమిన్ సమ్మేళనాలు ఆ రంగు మార్పుకు ప్రధాన కారణమని చెబుతారు. పెరాక్సైడ్, అతినీలలోహిత కాంతి కలిస్తే పసుపు పోతుంది. 2008 ప్రాంతంలో మొదలైన పద్ధతి ఇది. కానీ పూత సమానంగా లేకపోతే మరకలు పడతాయి, ఆ మరకలు మళ్లీ పోవు. కొన్నాళ్లకు పసుపు తిరిగి రావచ్చు కూడా. చేసేట్టయితే గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. నేనైతే సబ్బునీటితో కడిగి వదిలేస్తాను. అది ఆ యంత్రం వయసు, దాచవలసిన అవసరం నాకు కనిపించదు.

టంకంతీగ
నేను తెల్లబరుస్తాను, నాకు కొత్తదానిలా కనిపిస్తేనే తృప్తి. ఇది ఎవరి ఇష్టం వారిది.

ఫ్లాపీపెట్టె
ఇంతమంది పెట్టె రంగు గురించి మాట్లాడుతున్నారు, మొదటి సందేశంలో ఉన్న అసలు విషయాన్ని ఎవరూ పట్టుకోలేదు. నీలితెర గారూ, ఆ ఫ్లాపీలను ఇప్పటిదాకా డ్రైవులో పెట్టలేదు కదా? పెట్టకండి. కమొడోర్ 64 లాంటిది ఇంకొకటి ఎప్పుడైనా సంపాదించుకోవచ్చు. మీ మామయ్య రాసిన ప్రోగ్రాము ప్రపంచంలో ఆ ఒక్క డిస్కు మీదే ఉంది.

ముందు ప్రతి డిస్కునూ వెలుతురులో పట్టుకుని, డ్రైవులోని చదివే తల తగిలే ఆ సందులోంచి ఉపరితలం చూడండి. బూజు తెల్లటి చుక్కలుగా, మసకగా కనిపిస్తుంది. బూజు పట్టిన డిస్కు డ్రైవులోకి వెళితే తల మురికవుతుంది, ఆ మురికి తర్వాతి మంచి డిస్కును గీస్తుంది. అలాంటివి పక్కన పెట్టండి. వాటిని కవరు తెరిచి కడగవచ్చు, కానీ అది చివరి పని. తర్వాత డ్రైవు తలను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన దూదిపుల్లతో తుడవండి. విలువ లేని ఒక డిస్కుతో డ్రైవును పరీక్షించండి. చదువుతూంటే కీచుమనే శబ్దం వచ్చినా, తల మీద గోధుమరంగు పొడి కనిపించినా వెంటనే ఆపండి. డిస్కు పూత ఊడిపోతోందని అర్థం.

కాపీ తీసేదాకా ఏ డిస్కుకూ రాత వద్దు. కవరు పక్కనున్న గంటును చిన్న టేపు ముక్కతో మూసేస్తే డ్రైవు దాని మీద రాయలేదు.

నీలితెర64
ఒక్కటి కూడా పెట్టలేదు. కాపీ ఎలా తీయాలి?

ఫ్లాపీపెట్టె
రెండు దారులున్నాయి. జూమ్‌ఫ్లాపీ అనే చిన్న బోర్డు మీ 1541ను యూఎస్‌బీ ద్వారా నేటి కంప్యూటర్‌కు కలుపుతుంది. 1541 మామూలు డ్రైవు కాదు, దానికి సొంత 6502 ప్రాసెసర్, 2 కిలోబైట్ల మెమరీ ఉన్నాయి. అది డిస్కును తానే చదివి, అర్థం చేసుకుని, సమాచారం పంపుతుంది. ఒక్కో వైపు 35 ట్రాకులు, 683 బ్లాకులు, బ్లాకుకు 256 బైట్లు. మొత్తం 1,74,848 బైట్ల డి64 ఫైలు వస్తుంది. దాన్ని ఎమ్యులేటర్ నేరుగా నడుపుతుంది.

రెండోది గ్రీజ్‌వీజిల్. ఇది పీసీ డ్రైవుకు తగిలించే బోర్డు. డిస్కు మీద అయస్కాంత దిశ మారిన ప్రతి చోటునూ, వాటి మధ్య కాలాన్నీ యథాతథంగా నమోదు చేస్తుంది. అర్థం చెప్పుకోవడం తర్వాత సాఫ్ట్‌వేర్ పని. ఒక బ్లాకు సరిగ్గా రాకపోతే అనేక చుట్లు చదివి పోల్చుకోవచ్చు. డిస్కును మళ్లీ ముట్టుకోకుండానే, వేరే పద్ధతిలో మళ్లీ విప్పి చూసుకోవచ్చు. బలహీనంగా ఉన్న డిస్కులకు నేను దీన్నే ఇష్టపడతాను. ఎందుకంటే ఆ డిస్కు ఇంకోసారి చదవనిస్తుందన్న నమ్మకం ఉండదు.

మీటర్‌ముల్లు
1541 తల అమరికను కూడా చూడమనండి. ట్రాకు దొరకనప్పుడు ఆ డ్రైవు తలను అడ్డుకు కొట్టుకుంటూ టకటకలాడుతుంది. ఏళ్ల తరబడి అలా కొట్టుకుని అమరిక జారినవి చాలా ఉంటాయి.

ఫ్లాపీపెట్టె
నిజమే, అందులో ఇంకో మలుపుంది. అదే డ్రైవు జారిన అమరికతో రాసిన డిస్కులను, సరిచేసిన డ్రైవు చదవలేకపోవచ్చు. అందుకే నీలితెర గారూ, ఆ 1541 అమరికను ఇప్పుడే ముట్టుకోకండి. మీ మామయ్య డిస్కులు ఆ డ్రైవుతోనే రాసినవైతే, అవి దానికే బాగా పలుకుతాయి. అన్నీ కాపీ అయ్యాక సరిచేసుకోండి.

నీలితెర64
ఇది నాకు తట్టేది కాదు. అమరిక జోలికి వెళ్లను. కొన్ని డిస్కుల కవరుకు రెండో పక్కన కూడా చేత్తో కత్తిరించిన గంటు ఉంది. తిప్పి రెండో వైపు కూడా వాడినట్టున్నారు. గ్రీజ్‌వీజిల్‌తో ఆ రెండో వైపు వస్తుందా?

ఫ్లాపీపెట్టె
అక్కడే చిక్కు. పీసీ డ్రైవు డిస్కు మధ్యనున్న చిన్న ఇండెక్స్ రంధ్రాన్ని చూసి చుట్టు ఎక్కడ మొదలైందో తెలుసుకుంటుంది. డిస్కును తిప్పి పెడితే కవరు రంధ్రం సెన్సరుకు ఎదురుగా రాదు. చాలా డ్రైవులు ఇక చదవవు. తిప్పకుండా పై తలతో చదువుదామంటే ఆ తల కింది తలకు సూటిగా ఉండదు, కొన్ని ట్రాకుల దూరం జరిగి ఉంటుంది. పైగా డేటా వెనక నుంచి ముందుకు వస్తుంది. 1541 ఇండెక్స్ రంధ్రాన్ని అసలు పట్టించుకోదు, దానికి ఏ వైపైనా ఒకటే. కాబట్టి ముందు వైపులను గ్రీజ్‌వీజిల్‌తో తీయండి, తిప్పిన వైపులను జూమ్‌ఫ్లాపీతో 1541లోనే తీయండి. ప్రతి ఫైలుకూ డిస్కు మీదున్న చేతిరాత పేరునే పెట్టండి, లేబులు ఫోటో కూడా పక్కన ఉంచండి. చదవనని మొండికేసిన బ్లాకులు వస్తే ట్రాకు నంబర్లతో ఇక్కడ రాయండి, కలిసి చూద్దాం.